బీరు మేడమ్

మేడమ్ పోయారని పంజాగుట్టలో షెడ్డు నడిపే భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రానికల్లా మా పాత బ్యాచ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో సంతాపాలు మొదలయ్యాయి. దండాలు, దీపాలు, పువ్వులు అన్నీ అయ్యాక ఒకాయన బుద్ధిగా ఇలా రాశాడు: "అప్పట్లో అందరం బీరు మేడమ్ అని నవ్వుకున్నాం గానీ ఆవిడ చుక్క ముట్టి ఎరగరు. అది ఊరికే పాఠం కోసం ఎంచుకున్న విషయం, అంతే." దాని కింద వరసగా బొటనవేళ్లు లేచాయి. అవును పాపం, చాలా పద్ధతి గల మనిషి అని ఇంకొకావిడ అంది.

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషిని కడిగి, తుడిచి, గోడకి తగిలించడానికి మనవాళ్లకి ఎంత తొందరో. ఆవిడ తాగేవారు. ఆదివారం మధ్యాహ్నం, పంజాగుట్ట షెడ్డు వెనక రేకుల నీడలో, ఒక్క సీసా, తాలింపు వేసిన శనగ గుడాలు నంజుకుంటూ తాగేవారు. నా ఎదురుగా తాగారు. నాకూ ఒక గ్లాసులో రెండు వేళ్ల మందం పోశారు. నేను ముఖం వికారంగా పెడితే, "నీకు మజ్జిగనే నయం పిల్లా" అని ఆ గ్లాసు కూడా తనే తీసుకున్నారు. పద్ధతి గల మనిషే. ఆ పద్ధతి ఏమిటో ఆ గ్రూపులో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మంది చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను.

అవి అమీర్‌పేటలో కాలు పెడితే చాలు, చేతిలో నాలుగు కరపత్రాలు కుక్కే రోజులు. జావా, టెస్టింగ్, ఒరాకిల్. నేను గోదావరి జిల్లాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. నాకు జావా చెప్పించాలన్నది కూకట్‌పల్లిలో ఉండే మా బాబాయి నిర్ణయం. నాన్న లేని పిల్లని కాబట్టి మా ఇంట్లో ఆయన మాటే మాట. క్లాసులో రెండు వందల మంది ఉండేవాళ్లం. నాకు దొరికిన చోటు స్తంభం వెనక. మూడు వారాలు ఆ స్తంభానికి ఎదురుగా కూచుని జావా విన్నాను. ఒకరోజు మెట్ల మీద రద్దీ తగ్గేదాకా ఆగుదామని పై అంతస్తుకి ఎక్కితే, ఒక తలుపు మీద టేపుతో అంటించిన కాగితం కనిపించింది. ఎలక్ట్రికల్ డిజైన్, ప్యానెల్ డ్రాయింగ్ అని ఉంది. లోపల పదిహేను మందే ఉన్నారు. స్తంభం లేదు. బాబాయికి చెప్పకుండా చేరిపోయాను.

మోటార్లనీ హీటర్లనీ నడిపే స్విచ్చులన్నీ ఒక ఇనప పెట్టెలో అమర్చితే దాన్ని ప్యానెల్ అంటారు. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కంప్యూటర్లో గీసి ఇస్తే, ఆ బొమ్మ చూసి వైర్‌మన్ పెట్టె కడతాడు. ఆవిడ చెప్పేది ఆ గీత. నలభై దాటిన మనిషి, నూలు చీర, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఆ చెప్పులు క్లాసులోనూ విప్పేవారు కాదు, కరెంటు దగ్గర చెప్పులు విప్పేవాడు గుళ్లోకి పోవాలి గానీ నా క్లాసుకి కాదనేవారు. కొప్పులో పువ్వు పెట్టుకునే చోట టెస్టర్ దోపుకునేవారు. గదిలోకి రాగానే అది తీసి ప్రతి స్విచ్ బోర్డునీ ఒకసారి పొడిచి చూసి, లైటు వెలిగితే తల ఊపి, మళ్లీ కొప్పులో దోపుకుని అప్పుడు పాఠం మొదలు. ఇరానీ హోటల్‌కి వెళ్లినా అంతే. ఫ్యాను స్విచ్చు పొడిచి చూడకుండా చాయ్ చెప్పేవారు కాదు.

మొదటి రోజే చెప్పేశారు, ఈ క్లాసులో మూడు నెలలు ఒకటే బొమ్మ గీస్తాం, ఇంట్లో బీరు కాచుకునే యంత్రానికి ప్యానెల్ అని. అందరూ నవ్వారు. ఎందుకు మేడమ్ అని వెనక నుంచి ఎవరో అడిగారు. అమీర్‌పేటలో ఏ జిరాక్స్ షాపుకి పోయినా మోటార్ స్టార్టర్ ప్రాజెక్టు, నీళ్ల ట్యాంకు ప్రాజెక్టు కట్టలు కట్టి అమ్ముతారు, పేరు మార్చుకుని మీరు నాకే తెచ్చిస్తారు, బీరు యంత్రం మాత్రం ఏ జిరాక్స్ షాపులోనూ దొరకదు, చచ్చినట్టు మీరే గీయాలి అన్నారు. అదొక కారణం. రెండోది కూడా దాచలేదు.

"నాకు బీరంటే ఇష్టం. ఇంక వేరే కారణం కావాల్నా?"

మా కోస్తా ఆడపిల్లలం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడ అది గమనించి, వాళ్ల ఊళ్లో పండగ నాడు కల్లు ముందు దేవుడికి, తర్వాత నాయనమ్మకి, ఆ తర్వాతే మగవాళ్లకి అని చెప్పారు. నాయనమ్మ తాగింది, అమ్మ తాగింది, నేను లెక్క ప్రకారం గీత గీసి మరీ తాగుతా అన్నారు.

యంత్రం నిజానికి సాదాసీదాది. మూడు గిన్నెలు. మొదటిదాంట్లో నీళ్లు వేడెక్కుతాయి. పంపు వాటిని రెండోదాంట్లోకి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మీదికి తోస్తుంది. అక్కడ సరిగ్గా అరవై ఏడు డిగ్రీల దగ్గర గంటసేపు నానాలి. అప్పుడే గింజలోని తీపి నీళ్లలోకి దిగుతుంది. ఆ తీపి నీళ్లు మూడో గిన్నెలో మరగాలి. హీటర్లు రెండు, మొదటి గిన్నెకొకటి, మూడోదానికొకటి. మామూలు ఇంటి కరెంటు లైను రెండింటినీ ఒకేసారి మోయలేదు. కాబట్టి ఒకటి వెలిగితే రెండోది ఎంత నొక్కినా వెలగకూడదు. మూడు నెలల పాఠమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది. సాఫ్ట్‌వేర్‌లో గీత గీయడం వారంలో వచ్చేస్తుంది. ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని నడపడం ఎక్కడ, ఏ తీగతో అన్నది తలకెక్కడానికి మిగతా రోజులు పట్టాయి.

నిజంగా ఇంట్లో కాచుకోవచ్చా అని నేనే అడిగాను. ఆవిడ ఎక్సైజు ఆఫీసుకి వెళ్లి అడిగి వచ్చారట. ఇంట్లో, నా ఒక్కదాని కోసం, నెలకొక బకెట్టు కాచుకుంటా, ఏ కాగితం నింపాలి అని. గుమాస్తా బీరువా అంతా వెతికి, అలాంటి కాగితమే లేదమ్మా, బార్ ఏమైనా పెడతావా అన్నాడట. కాగితం అచ్చువేసిన నాడు కబురు చెయ్యి, నా బొమ్మ తయారుగా ఉంటది అని చెప్పి వచ్చారట. గీయడం తప్పని ఏ చట్టంలోనూ లేదని ఆవిడ వాదన. అందుకే క్లాసులో యంత్రం నడిపేది ఉత్త నీళ్లతో. తర్వాత్తర్వాత పంజాగుట్ట షెడ్డులో ఏం కాచారో నన్నడగకండి. అడిగినా చెప్పను.

శనివారం పరీక్ష. భాయ్ వచ్చేవాడు. పంజాగుట్టలో ప్యానెల్ బోర్డుల షెడ్డు నడిపే ఆయన, ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే మనిషి, పనిలో దిగితే ఏ భాషా మాట్లాడడు. గదిలో బల్ల మీద స్విచ్చులు, రిలేలు, హీటరుకొక గుర్తు బల్బు బిగించిన ఒక చెక్క ఉండేది. కింద రెండు బకెట్లలో నీళ్లు, వాటిలో హాస్టల్ అమ్మాయిలు స్నానానికి వాడే హీటర్ రాడ్లు, పక్కన ఎయిర్ కూలర్ పంపు. ఎవరో ఒకరి బొమ్మ భాయ్ చేతికిచ్చేవారు. భాయ్ దాన్ని చూసి తీగలు కలపాలి. ఆయన ఏమీ అడగకూడదు. గీసినవాళ్లు ఏమీ చెప్పకూడదు. ఒక నంబరున్న తీగలన్నీ ఒకటే అని లెక్క, కాబట్టి పద్నాలుగు అని ఎక్కడ కనిపించినా పద్నాలుగుతో కలిపేస్తాడు. అది తప్పని ఆయనకి తెలిసినా సరే, కాగితం ఏం చెబితే అదే చేస్తాడు. "నువ్వు రేపు ఉండవు. బొమ్మ ఉంటది. బొమ్మ అబద్ధం చెప్తే ఇంకొకని చెయ్యి కాలుతది" అనేవారు మేడమ్.

ప్రతి బొమ్మకీ కింద కుడి మూలన గళ్లు ఉంటాయి. కుడి పక్క పొడుగునా యంత్రం పేరు. ఎడమ పక్క గీసినవారి పేరు, దాని కింద సరిచూసినవారి పేరు. ఆ మూడో గడిలో ఆవిడ పొడి అక్షరాలు పడడమంటే మాకు డిగ్రీ చేతికొచ్చినంత. ప్రతి తీగనీ వేలితో తడుముతూ, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ పోయి, చివరికి వేసేవారు. ఒకసారి వేశారంటే ఆ కాగితాన్ని మళ్లీ చూసేవారు కాదు. నా సంతకం మీద నాకే అనుమానం ఉంటే సంతకం ఎందుకు అనేవారు. నాది ఏడుసార్లు వెనక్కి వచ్చింది.

ఎనిమిదోసారి దిద్దిన బొమ్మ హాస్టల్ వరండాలో బల్ల మీద పరిచి ఉండగా బాబాయి చూశాడు. ఊరి నుంచి అమ్మ పంపిన కందిపొడి ఇవ్వడానికి వచ్చాడాయన. హాస్టల్ ఆంటీతో గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ, నాకు వినపడేలాగే తగ్గించాడు. జావాకని పంపితే పిల్లకి సారా బట్టీ పెట్టడం నేర్పుతున్నారు, అదీ ఒక ఆడమనిషి అన్నాడు. మా ఇంటిపేరు చెబితే ఊళ్లో ఎలా ఉంటుందో నీకు తెలుసా అని నన్నడిగాడు. కాగితం మీద గీసినవారి గడిలో నా ఇంటిపేరు నిండుగా ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. నేను కాగితం చుట్టేశాను. మర్నాడు ఆయన ఇన్‌స్టిట్యూట్ యజమానిని కలిసి గట్టిగానే మాట్లాడి వెళ్లాడు.

యజమాని మా వైపు మనిషే, మర్యాదస్తుడు, ఎవరితోనూ గొడవ పడడు. మేడమ్‌ని పిలిచి ఆ పేరొకటి మార్చండి చాలు అని అడిగితే ఆవిడ కుదరదన్నారట. దాంతో నన్ను పిలిచాడు. గోల మీ ఇంటి నుంచే వచ్చింది కాబట్టి మీరే సర్దాలి అన్నాడు. ఒక్క కాపీ, 'హోమ్ బీర్ బ్రూయింగ్ సిస్టమ్' బదులు 'వాటర్ హీటింగ్ సిస్టమ్' అని పేరు పెట్టి, అంతా సక్రమంగా సరిచూసినట్టు గీసి ఇవ్వండి. శనివారం మీ బాబాయి గారిని పిలిపించి చూపిస్తాను, ఆయన శాంతిస్తారు. లేకపోతే సోమవారం నుంచి ఆ గది టెస్టింగ్ బ్యాచ్‌కి ఇచ్చేస్తాను. మేడమ్ క్లాసుండదు, మీ సర్టిఫికెట్లూ ఉండవు. ఇంత మెత్తగా చెప్పాడు.

క్లాసు నిలబెడుతున్నాననే అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా, క్లాసు కంటే ముందు నన్ను నేను నిలబెట్టుకుంటున్నాను. మేడమ్ ఇచ్చిన ఫైల్లో యంత్రం పేరు మార్చడానికి వీల్లేకుండా ఆవిడ తాళం వేసి పెట్టుకున్నారు. అందుకని కొత్త ఫైలు తెరిచి, నా బొమ్మలోంచి మొదటి హీటరు గీసిన పేజీ తెచ్చి అతికించాను. రెండో హీటరు కూడా అలాంటిదే కదా అని అదే పేజీ మళ్లీ అతికించి, మీద 'రెండు' అని రాశాను. తీగల నంబర్లు సాఫ్ట్‌వేరే వేసుకుంటుందని నా ధీమా. కొత్తగా గీసిన వాటికి వేస్తుంది. అతికించిన వాటికి వేయదు, పాతవే ఉంచుతుంది. పేరు గడిలో వాటర్ హీటింగ్ సిస్టమ్. గీసినవారి గడిలో ఉత్త పొడి అక్షరాలు, ఇంటిపేరు లేకుండా. సరిచూసినవారి గడిలో, నా చేత్తోనే, ఆవిడ పొడి అక్షరాలు టైపు చేశాను.

శనివారం బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. యజమాని ఆయనకి కుర్చీ వేయించి, ఇవాళ నేనే బొమ్మ ఇస్తాను మేడమ్ గారూ అంటూ ఆ కాగితం ఆవిడకి అందించాడు. ఆవిడ పేరు చదివారు. తర్వాత సరిచూసినవారి గడి చదివారు. నా వైపు చూశారు. ఒక్కసారే. పరీక్షలో ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి ఆవిడా మాట్లాడలేదు. తన అక్షరాలున్న కాగితాన్ని మళ్లీ సరిచూడడం ఆవిడ పద్ధతిలో లేదు కాబట్టి సరిచూడలేదు. దాన్ని భాయ్ చేతిలో పెట్టి, బకెట్ల దగ్గర నిలబడ్డ వాళ్లని నాలుగడుగులు వెనక్కి పొమ్మని చేత్తో సైగ చేసి, మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

భాయ్ అరగంటలో కలిపాడు. ఒకచోట ఆగి, కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, తల గోక్కున్నాడు. అప్పుడు నాకు తెలిసింది. మొదటి హీటర్లోనూ పద్నాలుగే, రెండో హీటర్లోనూ పద్నాలుగే. నోరు తెరిచి ఆగండి అంటే సరిపోయేది. నేను తెరవలేదు. భాయ్ రెండు పద్నాలుగులనీ కలిపేసి మొదటి హీటరు బటన్ నొక్కాడు. రెండు బల్బులూ వెలిగాయి. రెండు బకెట్లూ ఒకేసారి రొద పెట్టాయి. అప్పటికే కంప్యూటర్లతో నిండిపోయిన లైను అది. ఆవిడ స్విచ్ దించేలోపే కింద ఎక్కడో ఫ్యూజు టప్పుమంది. ఫ్యాన్లు ఆగిపోయాయి. కింది అంతస్తులో జావా క్లాసు, సేవ్ చేసుకోని రెండు వందల మంది, ఒక్క గొంతుతో ఓయమ్మో అన్నారు.

నీళ్లు కాచడానికే ఇంత గొడవా అన్నాడు బాబాయి.

యజమాని ముఖం ఎర్రబడింది. ఎవరండీ దీన్ని సరిచూసింది అని అడిగాడు. ఆ మాట అడిగిన మరుక్షణం ఆయనకీ భయం వేసినట్టుంది, ఎందుకంటే జవాబు ఆయనకి తెలుసు.

"గడిల నా పేరే ఉన్నది గద. నేనే చూసిన" అన్నారు మేడమ్.

నేను అప్పుడు కూడా మాట్లాడలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు. యజమాని వెంటనే మెత్తబడ్డాడు. పోనీలెండి, తప్పెవరికైనా జరుగుతుంది, దిద్దేసుకోండి, ఈ నీళ్ల పేరు మాత్రం ఇలాగే ఉంచేయండి, క్లాసూ ఉంటుంది, పెద్దవాళ్లకీ అభ్యంతరం ఉండదు అన్నాడు. ఆవిడ బకెట్లలోంచి రాడ్లు తీసి, తుడిచి, సంచిలో పెట్టుకుంటూ జవాబు చెప్పారు.

"సంవత్సరం నుంచి బీరు పేరుతోని నడిపిస్తున్న. ఒక్కనాడన్న ఫ్యూజు పోయిందా? నీళ్ల పేరు పెట్టంగనే పోయింది. పేరు మార్చెటందుకు కాపీ కొట్టిన్రు, కాపీ కొట్టినందుకు గిది కాలింది. రేపు ఎవని చెయ్యో కాలుతది. నేను బీరే గీస్త. మీ గది మీరే ఉంచుకోన్రి."

ఆవిడ ఒక బకెట్టు, భాయ్ ఒక బకెట్టు పట్టుకుని మెట్లు దిగారు. వెనక తొమ్మిది మంది వెళ్లారు. ఒకడు పంపు మోశాడు. రోడ్డు మీద షేర్ ఆటోవాడు బకెట్లు ఎక్కించుకోనంటే, ఆవిడ బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూచోవడం నేను పైనుంచి కిటికీలోంచి చూశాను. పై నుంచే. మిగిలిన ఏడుగురిలో నేనొకదాన్ని.

బాబాయి ఆ రోజు నాకు ఊతప్పం తినిపించి, మళ్లీ జావా క్లాసులో కూచోబెట్టాడు. స్తంభం ఎక్కడికీ పోలేదు. మూడు వారాలు కూచున్నాను. ఏ పాఠం విన్నా నాకు పద్నాలుగు నంబరే కనిపించేది. నాలుగో వారం ఒక ఉదయం అమీర్‌పేటలో బస్సెక్కి పంజాగుట్టలో దిగి, సందులు అడుక్కుంటూ భాయ్ షెడ్డు పట్టుకున్నాను. రేకుల కప్పు, ఇనప పెట్టెల పెయింటు వాసన, మూలన ఒక పాత కంప్యూటరు, దాని చుట్టూ ఆ తొమ్మిది మంది. మేడమ్ తల ఎత్తారు. క్షమించమని అడగడానికి దారి పొడవునా మాటలు కూర్చుకుని వెళ్లాను. ఆవిడ అడగనిస్తేనా. కాళ్లకేసి చూసి, "తోలు చెప్పులతోని రాకు. రబ్బరువి ఏస్కో" అన్నారు. అంతే.

కంప్యూటర్ ముట్టనివ్వలేదు. భాయ్ పక్కన స్టూలు వేసి కూచోబెట్టారు. పెట్టెలోని ప్రతి తీగకీ రెండు కొసలా నంబరు అచ్చేసిన చిన్న పసుపు రబ్బరు గొట్టం తొడుగుతారు, ఫెర్రూల్ అంటారు దాన్ని. నెల రోజులు నా పని అవి తొడగడమే. ఒక పెట్టెలో ఆరేడు వందల కొసలు ఉంటాయి. గోళ్లు నొప్పి పుట్టేవి. పద్నాలుగు వచ్చినప్పుడల్లా భాయ్ పని ఆపి, "ఏ పద్నాలుగు, జర చూసి చెప్పమ్మా" అనేవాడు నవ్వకుండా. నిజానికి భాయ్ ఆ రోజే తప్పు కనిపెట్టి, మాట్లాడకూడదన్న నియమం కోసం పెదవి బిగబట్టుకున్నాడని నా అనుమానం. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ నెల ఆఖర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ, మేడమ్ ఒక పెద్ద కాగితాల కట్ట తెచ్చి నా ముందు పడేశారు. మాది కాదు, ఆవిడ గీసుకున్న అసలు బొమ్మ. ఇరవై రెండు పేజీలు. మా చేత గీయించింది అందులో నాలుగో వంతు కూడా కాదు. గీసినవారి గడిలో ఆవిడ పేరుంది. సరిచూసినవారి గడి ఖాళీ. ఎర్ర పెన్ను ఒకటి కాగితం మీద పెట్టి, "నాది చూడు" అన్నారు.

నేనా అన్నాను. ఇక్కడ నువ్వు కాక ఎవరున్నారు అని వెళ్లి గుడాలకి తాలింపు పెట్టుకున్నారు.

సాయంత్రం దాకా చూశాను. ప్రతి తీగనీ వేలితో తడుముతూ, ఆవిడ చేసినట్టే. అంత శుభ్రమైన బొమ్మ నేను ఈ రోజుకీ చూడలేదు, ఈ పనిలో ఇన్నేళ్లున్నాక కూడా. పదిహేడో పేజీలో ఆగిపోయాను. ప్రమాదం వస్తే నొక్కే ఎర్ర బటన్ అది. నొక్కితే రెండు హీటర్లూ ఆగుతాయి. పంపు ఆగదు. గొట్టం ఊడిందనుకోండి, బటన్ నొక్కినా మరుగుతున్న నీళ్లు అలా మీదికి చిమ్ముతూనే ఉంటాయి. రెండుసార్లు, మూడుసార్లు చూశాను. నేనే తప్పు చూస్తున్నానేమో అనిపించింది. గురువు గీసిన కాగితమని పెన్నుకి మూత కూడా పెట్టేశాను. కానీ ఒకసారి నోరు తెరవక ఏమైందో నాకు తెలుసు. ఆ పంపు చుట్టూ గుండ్రంగా గీశాను.

ఆవిడ వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. నిలబడ్డ మనిషి స్టూలు లాక్కుని కూచున్నారు.

"పదకొండు మంది ఇంజనీరు సార్లకు చూపిచ్చిన గీ బొమ్మను. అందరు పైన పేరు చదివి నవ్విన్రు. పదిహేడో పేజీ దాంక ఒక్కడు పోలే."

ఆ గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీదో నాకు బాగా తెలుసు, అందులో కొంత నా మీద కూడా. అయితే పేరు మార్చి మళ్లీ చూపించుకోవచ్చు కదా మేడమ్ అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ కంప్యూటర్ ముందు కూచుని పంపు తీగని బటన్ కిందికి తెచ్చి, కొత్త నంబరు వేసి, ఆ పేజీ మళ్లీ ప్రింటు తీసి నా ముందు పెట్టారు.

"ఇగ రాయి."

సరిచూసినవారి గడిలో పొడి అక్షరాలు రాశాను. ఆవిడ కాగితాన్ని వేలితో నా వైపు మళ్లీ తోశారు.

"మొత్తం రాయి. ఇంటిపేరుతోని."

బాబాయి ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. మా అమ్మ గుర్తొచ్చింది. మా ఊళ్లో మా ఇంటిపేరుకున్న నలభై గడపలూ గుర్తొచ్చాయి. పెన్ను గట్టిగా పట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఆ గడి చిన్నది, మా ఇంటిపేరు పెద్దది. పట్టలేదు. గీత దాటి, యంత్రం పేరున్న గడిలోకి పోయి, బీర్ అన్న మాట పక్కన ఆగింది. నేను చెరపలేదు. ఆవిడ చెరపమనలేదు.